నేనేనని లేచి వచ్చిన ముద్దాయి

కోర్టు ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న మీకు దుబాసీ అన్న మాట వింతగా వినిపించవచ్చు. ఇప్పుడా పోస్టు లేదు. బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో కోంటా తహసీలు కచేరీలో ఉండేది. అందులో నేనుండేవాణ్ణి. తహసీల్దారుగారికి హిందీ తప్ప మరొకటి రాదు. ఆయన ముందుకు వచ్చే జనానికి దోర్లీ వచ్చు, గోండీ వచ్చు, తెలుగు వచ్చు, హిందీ మాత్రం రాదు. మధ్యలో నేను నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. మాది భోపాల్‌పట్నం. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బడిలో హల్బీ మాట్లాడే స్నేహితులు, చేలో దోర్లవాళ్లు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే ఈ భాషలన్నీ నోటికి వచ్చేశాయి. ఉద్యోగమూ వాటి పుణ్యమే.

దుబాసీకి నియమం ఒక్కటే. ఎదుటివాడు అన్నది చెప్పాలి, తాను అనుకున్నది చెప్పకూడదు. వినడానికి సులువైన నియమం. చాలా ఏళ్లు పాటించడానికీ సులువుగానే ఉండింది. నా నోరు నాకే బరువైన సందర్భం ఒకటి వచ్చింది, అది ఒక రైలులో మొదలైంది.

కథ ఎర్రబోరు అవతలి అడవిలో పుట్టింది. అక్కడొక ఊళ్లో ఇప్పపూల కాలంలో నలుగురు కూర్చుని సారా తాగుతుండగా మాటా మాటా పెరిగి ఒకడు ఇంకొకణ్ణి గొడ్డలితో కొట్టాడు. దెబ్బ తిన్నవాడు అక్కడే పోయాడు. కొట్టినవాడు చీకటి పడేలోపు ఊరు విడిచాడు. ఏడాది తిరిగినా జాడ లేదు. చచ్చిపోయినవాడి భార్య మాత్రం సంతకు వచ్చినప్పుడల్లా కచేరీ అరుగు ముందు నిలబడి, "దొరికిండా?" అని అడిగి వెళ్లేది. లేదని నేను చెప్పేవాణ్ణి. ఆమె ఇంకేమీ అడిగేది కాదు.

అలాంటి సమయంలో దివాన్ సాహెబు కోంటాకు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన వచ్చేలోగా పాత కేసులు తేలిపోవాలని తహసీల్దారుగారికి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఒక ఉప్పు వ్యాపారి, హంతకుడి పేరుగలవాడొకడు నిజాం రాజ్యంలో బొగ్గు గనుల దగ్గర పని చేస్తున్నాడని చెప్పాడు. ఆ పేరేదో ఇక్కడ రాయను. అటువైపు ఊరికొకడికి ఆ పేరు ఉంటుందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. నిజాం పోలీసులకూ మనకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. ముద్దాయిని తీసుకురావడానికి ఒక హవల్దారును, మాట చెప్పడానికి నన్ను పంపారు.

ఈ హవల్దారు గురించి చెప్పాలి. రాయపూర్ వైపు మనిషి, పెద్దవాడు. మోకాళ్ల నొప్పులు. ఎక్కడ కూర్చుంటే అక్కడి నుంచి లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. హంతకుణ్ణి పట్టి తేవడానికి కచేరీలో దొరికిన మనిషి ఆయనే. కోంటాలో అంతకాలం ఉండి కూడా తెలుగు నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోలేదంటే, "నేర్చుకుంటే నీ పని కూడా నన్నే చెయ్యమంటారు భాయ్" అనేవాడు. ఆయన హిందీని ఇక్కడ చాలావరకు తెలుగులోనే రాస్తున్నాను.

ఆ కాలంలో మాకు దగ్గరి రైలంటే నిజాం రాజ్యంలో ఉన్న భద్రాచలం రోడ్డు స్టేషను. ఆ పేరు నమ్మి దిగిన యాత్రికులు గుడిగోపురం కోసం చుట్టూ చూసేవారు. అక్కడ ఉన్నది రోడ్డే. దాని మీద ఎడ్లబండిలో పడి పోతే గోదావరి వచ్చేది, పడవలో దాటితే భద్రాచలం. అక్కడి నుంచి ఇంగ్లీషువాళ్ల ఏలుబడి. మళ్లీ అడవి దారిన పోగా పోగా కోంటా ముందు నాకా, రాజుగారి సరిహద్దు చౌకీ. అంటే రైలు దిగి ఇంటికి చేరేలోపు మనిషి మూడు ప్రభుత్వాల కింద చెమట కార్చేవాడు.

గనుల ఊరికి చేరాక నిజాం పోలీసు జమేదారు మమ్మల్ని కూలీల పాకల దగ్గరికి తీసుకెళ్లాడు. పని దిగి వచ్చినవాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టారు. బొగ్గు మసిలో అందరి ముఖాలూ ఒక్కలాగే ఉన్నాయి. మా వారంటులో ఆనవాళ్లు రాసి ఉన్నాయి గానీ, నలుపు, నడిమి ఎత్తు, చేతి మీద పచ్చబొట్టు అంటే ఆ వరసలో ఎవరైనా సరిపోతారు. తండ్రి పేరు కూడా ఉండేది. ఉర్దూలోకి దిగేటప్పుడు అది ఎవరూ పోల్చలేని రూపం తీసుకుంది. జమేదారు ముద్దాయి పేరు మాత్రం గట్టిగా పిలిచాడు.

వరస చివర నుంచి ఒకడు లేచాడు. "నేనే" అన్నాడు.

పాతికేళ్లు ఉంటాయేమో. భుజాన చిన్న మూట, అప్పటికే కట్టి ఉంది. నడిచి వచ్చి హవల్దారు ముందు చేతులు చాపి నిలబడ్డాడు. కూలీలను తెచ్చిన మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "ఏంది జమేదార్ సాబ్, పని మీదున్న మనిషిని తీస్కపోతే నాకెట్ల?" అని మొదలుపెట్టాడు గాని, ఖూనీ అన్న మాట విని వెనక్కి తగ్గాడు. హవల్దారు సంకెలలో ఒక కడియం అతని చేతికి, ఇంకొకటి తన చేతికి వేసుకున్నాడు. మోకాళ్లు బాగాలేనివాడు అలా వేసుకోవడం తెలివైన పనేనా అని నాకు అనుమానం వచ్చింది. దుబాసీని కాబట్టి అడగలేదు.

మర్నాడు పొద్దున రైలెక్కాం. మీరు ఇప్పుడు విశాఖ నుంచి జగదల్‌పూర్‌కి వచ్చే రైలు ఎక్కి ఆలస్యమైందని విసుక్కుంటారు. మేమెక్కిన బండిని చూస్తే ఏమంటారో. ముందు ఖాళీ బొగ్గు పెట్టెలు, వెనక మనుషుల పెట్టెలు. బొగ్గు పెట్టెలకున్నంత తొందర కూడా మనుషులకు ఉండదని రైల్వేవాళ్ల అంచనా. మూడో తరగతి టికెట్టు చాలా చవక, దానికి తగ్గట్టే నడక. కట్టెలమోపులతో ఆడవాళ్లు గట్టు మీద నిలబడి చెయ్యెత్తితే డ్రైవరు నెమ్మదించేవాడు. పట్టాలు ఎత్తెక్కే చోట జనం దిగి పక్కనే నడిచేవారు. కొందరు తునికి చెట్ల దాకా పోయి ఒడి నిండా పండ్లు కోసుకుని, పరుగు కూడా తీయకుండా మళ్లీ ఎక్కేవారు. ఎక్కడైనా ఆగితే ఎందుకాగిందని ఎవరూ అడగరు. కదిలితేనే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

హవల్దారు కూర్చోగానే కునికాడు. ముద్దాయి కిటికీ పక్కన కూర్చున్నాడు. బయటికి చూడాలని ఉంది, కానీ గొలుసు లాగితే పెద్దాయన లేస్తాడని, అది ఎంతవరకు సాగుతుందో అంతవరకే మెడ తిప్పి చూస్తున్నాడు. ఎదురు బల్ల మీద ఎండుచేపల గంపతో ఒక ముసలామె ఉంది. చాలాసేపు ఇద్దరినీ పరికించి, ఇక ఆగలేక నన్ను అడిగింది.

"ఏం జేసిండయ్యా ఈ పిలగాడు?"

"ఖూనీ" అన్నాను.

"ఎవలు, గీయనా?" ఆమె గంప మీద చెయ్యి పెట్టి ముందుకు వంగి చూసింది. "ఖూనీ జేసినోడు పోలీసోని నిద్ర చెడగొట్టద్దని గింతగనం సూస్తడా?"

ఆమె గంపలోంచి జొన్నరొట్టె ముక్క తీసి అతనికిచ్చింది. అతను సంకెల లేని చేత్తో తీసుకుని, సగం తుంచి, హవల్దారు లేస్తే ఇద్దామని ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాతి స్టేషనులో ఆమె దిగిపోయింది. బండి కదిలాక అతను నా వైపు తిరిగాడు.

"దొరా, ఈ బండి ఎనక్కి మళ్లుతదా?"

దోర్లీలో అడిగాడు. అది తెలుగుకు దగ్గరి మాటే, మీకోసం మరికొంత దగ్గరికి తెస్తున్నాను.

"మళ్లదు. కొసదాకా పోతది. అక్కడ ఇంజను మార్చుకుని మళ్లీ వస్తది."

"నడిమిట్ల పోలీసోళ్లు మళ్లియ్యమంటే?"

"ఎవరన్నా మళ్లదు. పట్టాల మీది బండి."

తల ఊపాడు. బండి ఇంకో చోట ఆగి బయలుదేరేదాకా ఊరుకున్నాడు. వేగం అందుకుందని నమ్మకం కుదిరాక, మామూలు గొంతుతో అన్నాడు.

"అయితే ఇప్పుడు చెప్త. మీరు ఎతికేటోన్ని నేను కాదు."

ముద్దాయిలందరూ అనే మాటే ఇది. నేను నవ్వాను. "మరి నేనే అని లేచి వచ్చావు కదా?"

"పేరు పిలిచిన్రు. అది నా పేరే. నేనే అన్న. ఖూనీ జేసింది నువ్వేనా అని ఎవలూ అడగలే."

నవ్వు ఆగిపోయింది. నిజంగానే ఎవరూ అడగలేదు. దొరికాడన్న సంబరంలో జమేదారు అడగలేదు, హవల్దారు అడగలేదు. ఆ రోజు నేను నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు. ఒక్క "నేనే"తో పని అయిపోయింది.

అతను తన సంగతి చెప్పాడు. ఊరు ఎర్రబోరు పక్కనే, కానీ ఖూనీ జరిగిన ఊరు కాదు. రెండేళ్ల కిందట విత్తనాలు చల్లాక మేస్త్రీ వచ్చాడు. కోతలకు ఇంటికి పంపిస్తానని చెప్పి కొంతమందిని తీసుకెళ్లాడు. "కోతలొచ్చినయి, పోయినయి. పోత అంటే పోనియ్యడు. టేసన్ల ఒక మనిషిని పెట్టిండు, గోదావరి రేవు కాడ ఒక మనిషిని పెట్టిండు. ఉరికినోళ్లను పట్టి, కొట్టి, మళ్ల గనిల దింపిండు." విత్తనం చల్లే ముందు ఊరంతా చేసే విత్తనాల పండుగ పోయిన ఏడు అతను లేకుండానే జరిగింది. చేను దున్నేవాడు లేక పడావు పడింది. తండ్రికి కళ్లు కనబడవు. ఈ ఏడు కూడా పడావు పెడితే ఊరిపెద్దలు ఆ చేను మరొకరికి ఇచ్చేస్తారు. అది వాళ్ల కట్టుబాటు. కోంటా నుంచి పోలీసులు వచ్చారనీ, తన పేరుగలవాణ్ణి వెతుకుతున్నారనీ గనిలో ఉండగా ఎవరో చెప్పారట. పాకకు రాగానే మూట కట్టుకున్నాడు.

"పోలీసోళ్లు తోలుకపోతే ఎవడాపుతడు దొరా?"

"ఖూనీ కేసయ్యా. ఉరి తీస్తారు, తెలుసా?"

"అన్నరు మావోళ్లు. నేను వాన్ని కాదు గద. నన్నెందుకు తీస్తరు?"

ఈ మాట అతను ధైర్యంగా అనలేదు, తెలివిగా అనలేదు. పొద్దు పడమటనే కుంకుతుంది కదా అన్నట్టు అన్నాడు. కోర్టులో నేను చూసినవి అతను చూడలేదు.

అంతలో హవల్దారు కళ్లు తెరిచాడు. "క్యా బోలా?" అన్నాడు.

ఇక్కడే నా నోరు నాకు బరువైంది. ఏదో పండుగ గురించి చెబుతున్నాడని అనేస్తే ఆ క్షణం గడిచిపోతుంది. ఉన్నది చెబితే ఆయన చివరి స్టేషనులో దిగి, మరో బండి పట్టుకుని, అతన్ని తిరిగి గనుల దగ్గర అప్పగించవచ్చు. తప్పు మనిషిని తెచ్చాడన్న మాట తన మీదికి రాకుండా ఉండాలంటే అదే మార్గం. నేను ముద్దాయి ముఖం చూశాను. చెప్పమన్నట్టు గడ్డం ఎత్తాడు. చెప్పాను. ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట కలపకుండా చెప్పాను.

హవల్దారు మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన చేసిన మొదటి పని సంకెల లాగి చూసుకోవడం. రెండో పని, ఒళ్లో తనకోసం ఉంచిన రొట్టె ముక్క తీసుకుని తినడం. తింటూ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. బండి ఆగింది, నడిచింది, నీళ్ల కోసం ఆగింది. అంత నెమ్మది బండిలో ఆలోచించుకునే మనిషికి వ్యవధికి లోటుండదు.

చివరికి నాతో అన్నాడు. "వెనక్కి తీసుకుపోతే మేస్త్రీకి దొరుకుతాడు. ఇక్కడే వదిలేస్తే రేవు దగ్గర దొరుకుతాడు. ముందుకు తీసుకుపోతే మన సాబ్‌కి దొరుకుతాడు. ఎవరికి దొరకాలని ఉందో వాణ్ణే అడుగు."

అడిగాను.

"ముందుకే" అన్నాడు అతను.

చివరి స్టేషనులో మేస్త్రీ మనిషి నిజంగానే ఉన్నాడు. లావుపాటి కర్ర పట్టుకుని, దిగినవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. మావాణ్ణి గుర్తుపట్టి అడుగు ముందుకు వేశాడు. గొలుసు చూశాడు, దాని రెండో కొసన ఉన్న టోపీ చూశాడు. పక్కకు తప్పుకుని హవల్దారుకు సలాం చేశాడు. హవల్దారు తిరిగి సలాం చెయ్యడానికి చెయ్యెత్తాడు. అది సంకెల చెయ్యి. దాంతో మావాడి చెయ్యి కూడా లేచింది. ఇద్దరూ కలిసి సలాం చేసినట్టయింది. గోదావరి రేవులోనూ అలాగే దాటాం. పారిపోవాలనుకున్నవాడికి అంత మర్యాదైన ప్రయాణం దొరకడం నేను మళ్లీ చూడలేదు.

భద్రాచలం దాటి అడవి దారిన పడ్డాం. నాకా కనుచూపు మేరకు వస్తుందనగా హవల్దారు ఒక టేకు చెట్టు కింద కూలబడ్డాడు. తాళంచెవి తీసి రెండు కడియాలూ విప్పాడు. నన్ను పిలిచి, "మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, కాసేపు పడుకుంటానని వాడికి చెప్పు" అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

చెప్పాను.

"పండుకోమను దొరా. నేను కావలుంట" అన్నాడు అతను, మూట దించి పక్కన గొంతుకూర్చుంటూ.

హవల్దారు కళ్లు మూసుకునే, "వాడికి అర్థమయ్యేలా చెప్పవయ్యా" అన్నాడు. అప్పుడు విడమరచి చెప్పాను. నాకాలో నీ పేరు చెప్పి లోపలికి వెళ్లావంటే ముద్దాయిగా వెళ్లినట్టే. ఇక్కడి నుంచి అడవిలో పడి పో. దారిలో తప్పించుకున్నాడని హవల్దారు చెప్పుకుంటాడు, తిట్లు తింటాడు, అంతే.

అప్పటిదాకా అతని ముఖంలో లేని భయం అప్పుడు కనిపించింది.

"ఉరికితే ఆ ఖూనీ నాదయితది. ఇయ్యాల అడివిల దాంకుంట, రేపు? విత్తనాలు ఎట్ల పెడ్త? నేను ఉరుకుత గని నా చేను ఉరకదు గద."

ఇది నేను హిందీలో చెప్పాక హవల్దారు కళ్లు తెరిచి, తమ ఊరి భాషలో ఒక బూతు తిట్టాడు. ఎవరిని తిట్టాడో తెలియదు. అది అనువాదం చెయ్యమని ఎవరూ అడగలేదు. మావాడు తన చెయ్యి తానే చాపాడు. మళ్లీ సంకెల వేసుకుని, నా భుజం పట్టుకుని లేచాడు పెద్దాయన.

నాకాలో దారికి అడ్డంగా ఉన్న వాసం ఎత్తారు. "ఎవరు?" అంటే ముద్దాయి అన్న అర్థంలో "ముల్జిం" అన్నాడు హవల్దారు. దాటాక అతను వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి చూసి నన్నడిగాడు. "ఇది మన రాజ్యమేనా?"

"అవును."

"చెట్లన్నీ గవ్వే ఉన్నయి" అన్నాడు.

కచేరీలో హవల్దారు దాపరికం లేకుండా జరిగింది చెప్పేశాడు. తహసీల్దారుగారు చెడ్డమనిషి కాదు. పని తేలాలనుకునే మనిషి. "పేరు కలిసింది. పోలీసు ముందు నేనే అన్నాడు. తండ్రి పేరూ ఊరూ మార్చి చెప్పడం ఎంతసేపు? ఇంకేం కావాలి?" అన్నారు. అతని ఊరివాళ్లు, గుడ్డి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చి, మా పిల్లవాడు అలాంటివాడు కాదని చెప్పారు. "చుట్టాలు ఎప్పుడైనా అవునంటారా?" అన్నారాయన. అదీ నిజమే. ఖూనీ జరిగిననాటికి గనిలో ఉన్నాడని చెప్పగల మేస్త్రీ నిజాం రాజ్యం వదిలి రాడు. చివరికి చనిపోయినవాడి భార్య చూసి చెబితే ఒప్పుకుంటానన్నారు. ఆమెకు కబురు వెళ్లింది. ఆమె వచ్చేదాకా అతను కచేరీ వెనక కొట్టులో ఉన్నాడు. నేను పలకరించడానికి పోతే ఒక్కటే అడిగేవాడు. "పండుగ పెట్టిన్రా దొరా?" ఇంకా పెట్టలేదని తెలిసినప్పుడల్లా కాస్త తేరుకునేవాడు.

ఆమె వచ్చిన రోజు కచేరీలో పనున్నవాళ్లూ లేనివాళ్లూ పోగయ్యారు. హవల్దారు గుమ్మం దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. తహసీల్దారుగారు ఆమెతో చెప్పమని నాతో అన్నారు. "నీ మొగుణ్ణి చంపినవాణ్ణి పట్టి తెచ్చాం. చూసి, వీడేనని చెప్పు."

ప్రశ్నలోనే జవాబు ఉంది. అన్నది అన్నట్టే చెప్పాను. అలా చెబుతున్నప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు.

ఆమె అతని దగ్గరికి నడిచింది. సన్నటి మనిషి, నడి వయసు. ఏడాదిగా ఆమెను అరుగు ముందు నిలబడి ఉండగా మాత్రమే చూశాను, అంత దగ్గరగా చూడటం అదే మొదలు. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మొకం ఎత్తు."

ఎత్తాడు.

"ఏ ఊరు?"

చెప్పాడు.

"ఎవలి కొడుకువి?"

చెప్పాడు. గుంపులో నిలబడ్డ గుడ్డి తండ్రి తన పేరు విని అటు తల తిప్పాడు. ఆమె ఆయన వైపు చూసింది.

"మరెందుకొచ్చినవ్ వీళ్లెంట?"

"ఇంటికి పోదామని" అన్నాడతను. "పోనియ్యకపోతే గిట్ల వచ్చిన."

తహసీల్దారుగారు, "క్యా బోలీ?" అన్నారు. "ఇంకా ఏమీ చెప్పలేదు హుజూర్" అన్నాను. ఆమె నేల మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని కాసేపటికి గాని తెలియలేదు, ఎందుకంటే శబ్దం లేదు. తర్వాత కొంగు తీసి, ఎవరినీ చూడకుండా మాట్లాడింది.

"ఏడాది సంది తిరుగుతున్న. దొరికిండా, దొరికిండా అని. వీడే అంటే నా తిరుగుడు ఒడుస్తది. ఇయ్యాల్నే ఒడుస్తది." ఆగింది. "కాదు దొరా. ఈయన కాదు."

నేను హిందీలో చెప్పాను. ఆ చివరి మాటలు చెబుతుంటే హవల్దారు స్తంభం వదిలి నిటారుగా నిలబడటం కనిపించింది.

తహసీల్దారుగారు అంత తేలిగ్గా వదల్లేదు. ఎవరైనా బెదిరించారా, ఎవరైనా చెప్పి పంపారా, సరిగ్గా చూశావా అని అడిగారు. ఆమె అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. దానికి దుబాసీ అక్కర్లేదు. ఆయన కాసేపు తన బల్ల మీద ఉన్న కలాన్ని అటూ ఇటూ దొర్లించి, విడిచిపెట్టమన్నారు. ఆయన పట్ల న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ కేసు తేలలేదని దివాన్ సాహెబు ముందు ఆయనే ఒప్పుకున్నారు, నెపం హవల్దారు మీద పెట్టలేదు. అసలువాడు మాత్రం ఎన్నడూ దొరకలేదు. ఆ పేరుగలవాళ్లను పట్టుకురమ్మని కూడా మా కచేరీ నుంచి మళ్లీ ఎవరినీ పంపలేదు.

ఆరోజు సంగతి ముగించాలి. జనం పలచబడ్డాక తండ్రినీ ఊరివాళ్లనూ ఒక బండిలో ఎక్కించారు. బండిలో చోటు లేదు, అతను నడిచి వస్తానన్నాడు. ఆమె అరుగు మీద కూర్చుని ఎండ ఎంతుందో చూస్తోంది. లేచి, నన్నడిగింది.

"ఎర్రబోరు దాక తోడెవలన్న పోతున్నరా? ఇప్పపూల కాలం. తొవ్వల ఎలుగులు తిరుగుతున్నయి."

నాకు తెలిసి ఎవరూ లేరు. అదే చెప్పబోతున్నాను. మెట్ల కింద నుంచి అతను, "నేను పోతున్న గదక్కా" అన్నాడు.

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత తన మూట తీసి అతనికి అందించింది. అతను దాన్ని తన మూటతో కలిపి భుజాన వేసుకుని, ఆమె వెనక నడవబోయాడు. ఆమె ఆగింది.

"నువ్వు ముంగట నడువు. ఎలుగొస్తే ముందుగాల నిన్ను సూడాలె" అంది.

అతను నవ్వి ముందుకు వచ్చాడు. ఇద్దరూ ఎర్రబోరు దారిన బయలుదేరారు. హవల్దారు మెట్ల మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు. ఆమె ఏమందని ఆయన అడుగుతాడేమోనని నేను పక్కనే నిలబడ్డాను. అడగలేదు. లేవడానికి చెయ్యి చాపాడు, అందించాను. లోపల తహసీల్దారుగారు తర్వాతి కేసును పిలుస్తున్నారు.